లైవ్ వాయిద్యాల పాటల మిక్సింగ్: హెడ్‌ఫోన్లా, స్టూడియో మానిటర్లా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ పట్టణంలో మేము నడుపుతున్న చిన్న రికార్డింగ్ గదికి భజన మండళ్లు, ఒగ్గుకథ బృందాలు, బతుకమ్మ పాటలు పాడే మహిళలు, హార్మోనియం పెట్టె ఒళ్లో పెట్టుకొని దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో బస్సులో వచ్చే పెద్దలు వస్తుంటారు. ఇటీవల సూర్యాపేట, మిర్యాలగూడ, వనపర్తి వైపు యువకులు తమ ఊరి కళాకారులను తామే రికార్డు చేసి, ఇంట్లోనే మిక్స్ చేసుకుంటున్నారు, అంటే విడివిడి ట్రాకులను తూకం కుదిర్చి ఒకే పాటగా కలుపుకుంటున్నారు. వారు మమ్మల్ని పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ వివరంగా జవాబులు రాస్తున్నాము. కీబోర్డు, రిథమ్ ప్యాడ్‌లతో తయారయ్యే పాటలను ఇందులో చర్చించడం లేదు. మైకు ముందు మనిషి నోటితో పాడిన పాటనూ, చేతితో వాయించిన వాయిద్యాన్నీ మాత్రమే దృష్టిలో పెట్టుకున్నాము.

హెడ్‌ఫోన్లతోనే మిక్స్ పూర్తి చేయవచ్చా, మానిటర్లు (మిక్స్ వినడానికి వాడే స్టూడియో స్పీకర్లు) తప్పనిసరిగా ఉండాలా?

పూర్తి చేయవచ్చు. అయితే హెడ్‌ఫోన్లు ఏ విషయంలో నిజం చెబుతాయో, ఏ విషయంలో మనల్ని తప్పుదారి పట్టిస్తాయో తెలిసి ఉండాలి. మానిటర్ల విషయంలోనూ ఇదే మాట వర్తిస్తుంది, ఎందుకంటే మానిటర్లలో మనం వినేది స్పీకరును మాత్రమే కాదు, ఆ గదిని కూడా. మా పద్ధతి ఇది: పాటలోని దోషాలను వెతకడానికి హెడ్‌ఫోన్లు వాడతాము, వాయిద్యానికీ గొంతుకూ మధ్య తూకం, వాటి స్థానం, రివర్బ్ (గది ప్రతిధ్వని లాంటి మోత) మోతాదు మానిటర్ల మీద నిర్ణయిస్తాము. బేస్ (గుమ్మనే కింది స్థాయి శబ్దం) విషయంలో మాత్రం గది సరిగా లేనివారు మానిటర్ల కంటే మంచి హెడ్‌ఫోన్లనే నమ్మడం మేలు. కారణాలను కింద వివరించాము.

ఒకే ఫైలు రెండింటిలో వేర్వేరుగా ఎందుకు వినిపిస్తుంది?

మానిటర్ల ముందు కూర్చున్నప్పుడు ఎడమ స్పీకరు శబ్దం ఎడమ చెవితో పాటు కుడి చెవికి కూడా చేరుతుంది. తలను చుట్టి రావలసి ఉంటుంది కాబట్టి అది సెకనులో సుమారు నాలుగు వేలవ వంతు ఆలస్యంగా, పై స్థాయి (సన్నని, కీచు) శబ్దాలు కొంత తగ్గి చేరుతుంది. కుడి స్పీకరు శబ్దం ఎడమ చెవికి చేరడం కూడా ఇదే విధంగా జరుగుతుంది. ఎవరైనా వెనుక నుంచి పిలిస్తే తల ఏ వైపు తిప్పాలో మనకు తెలిసేది ఇటువంటి ఆలస్యాల వల్లనే. హెడ్‌ఫోన్లలో ఎడమ చానెల్ ఎడమ చెవికి, కుడి చానెల్ కుడి చెవికి మాత్రమే చేరి, ఒకదానిలోకి మరొకటి కలిసే అవకాశమే ఉండదు. అందువల్ల గాయకుడు ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు కాక, మన తల లోపల పాడుతున్నట్టు అనిపిస్తుంది.

స్టీరియో పద్ధతికి ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు అలన్ బ్లమ్‌లీన్ 1931లో పేటెంటుకు దరఖాస్తు చేసినప్పుడు, ఎదురుగా ఉండే స్పీకర్లను దృష్టిలో పెట్టుకునే దానిని రూపొందించారు. హెడ్‌ఫోన్లలో ఆ కలయిక లేకపోవడం ఒక లోటని గుర్తించి, 1961లో బెంజమిన్ బవర్ దానిని సర్క్యూటు ద్వారా భర్తీ చేసే పద్ధతిని ప్రతిపాదించారు. నేడు క్రాస్‌ఫీడ్ పేరుతో సాఫ్ట్‌వేర్లలో దొరికే సదుపాయానికి మూలం అటువంటి ఆలోచనే.

దీని ఫలితం ఒకటి పాడే గొంతు మీద నేరుగా పడుతుంది. గొంతును మధ్యలో ఉంచినప్పుడు, రెండు స్పీకర్ల నుంచి వచ్చిన అదే గొంతు ప్రతి చెవిలోనూ కొద్ది ఆలస్యంతో కలుస్తుంది కాబట్టి, దాదాపు 2,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర కొంత శబ్దం తగ్గుతుంది. మాటలోని హల్లులు స్పష్టంగా వినబడటానికి పనికి వచ్చే ప్రాంతం అదే. హెడ్‌ఫోన్లలో ఈ తగ్గుదల ఉండదు కాబట్టి గొంతు మరీ ముందుకు వచ్చినట్టు, కాస్త కరుకుగా వినిపిస్తుంది. చాలామంది అక్కడ ఈక్యూతో (ఒక్కో స్థాయి శబ్దాన్ని విడిగా పెంచే, తగ్గించే సాధనంతో) కోత పెడతారు, ఫేడరు (ట్రాకు శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట) కూడా తగ్గిస్తారు. అదే పాటను స్పీకర్లలో వింటే డోలు దరువు కింద కథకుడి మాట మునిగిపోతుంది. ఒగ్గుకథలో మాట మునిగిపోతే కథే పోయినట్టు. కాబట్టి కథ చెప్పే గొంతు ఎంత ఎత్తులో ఉండాలో హెడ్‌ఫోన్లలో తుది నిర్ణయం తీసుకోవద్దని మేము గట్టిగా చెబుతాము.

లైవ్ వాయిద్యాలకు ఈ తేడా ఎందుకు ఇంతగా పట్టించుకోవాలి?

సింథసైజరులో పుట్టిన శబ్దం ఎలా ఉండాలో ముందుగా ఎవరికీ తెలియదు, అది ఎలా ఉన్నా చెల్లుతుంది. డప్పు అలా కాదు. నిప్పుల సెగకు కాచిన డప్పు మీద సిర్ర, సిటికెన పుల్ల పడితే ఎలా మోగుతుందో మన ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. మీ మిక్స్‌ను వినే ప్రతి ఒక్కరి చెవిలో అసలు శబ్దం ఇదివరకే నిలిచి ఉంటుంది. దెబ్బ మొదటి క్షణంలోని పదును తగ్గితే చలికి మెత్తబడిన డప్పు అనుకుంటారు, ఆ పదును మరీ ఎక్కువైతే అది రేకు శబ్దంలా మారుతుంది.

కిన్నెర విషయం మరింత సున్నితమైనది. వెదురు కర్రకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, మెట్లు అమర్చి చేసిన ఈ వాయిద్యం నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ రావడంతో దేశమంతటికీ పరిచయమైంది. ఆయన వాయించేది 12 మెట్ల కిన్నెర. తీగ మీటిన చిన్న గరగర, బుర్ర లోపలి గుమ్మన్న ప్రతిధ్వని, మెట్టు మీద వేలు జారే చప్పుడు ఈ మూడూ కలిస్తేనే అది కిన్నెర అవుతుంది. హెడ్‌ఫోన్లలో వేలు చప్పుడు, తీగ గరగర చెవికి ఆనుకున్నంత దగ్గరగా వినిపిస్తాయి కాబట్టి వాటిని దోషాలుగా భావించి తుడిచివేయాలనిపిస్తుంది. చిన్న మానిటర్లలో బుర్ర గుమ్మన్నది తక్కువగా వినిపించి దానిని పెంచాలనిపిస్తుంది. రెండు ప్రలోభాలకూ లొంగితే చివరికి మిగిలేది వేరే వాయిద్యం. మిక్స్ మొదలుపెట్టే ముందు కళాకారుడికి ఆరడుగుల దూరంలో నిలబడి, పరికరాలేవీ లేకుండా పది నిమిషాలు వినండి. హెడ్‌ఫోన్లను గానీ మానిటర్లను గానీ సరిదిద్దగలిగేది ఆ జ్ఞాపకమే.

మా గది 10 అడుగులు, 12 అడుగులు. ఇందులో మానిటర్లు పెడితే ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది, కానీ ఆ గది ఏం చేస్తుందో ముందు లెక్క వేసుకోవాలి. ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ తిరిగి కొన్ని స్థాయిల వద్ద గట్టిపడుతుంది. ధ్వని వేగాన్ని గోడల మధ్య దూరానికి రెండింతలతో భాగిస్తే అందులో మొదటి స్థాయి తెలుస్తుంది. మన ప్రాంతపు 30 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు ప్రయాణిస్తుంది. దాని ప్రకారం 12 అడుగుల గోడల మధ్య 48 హెర్ట్జ్, 10 అడుగుల గోడల మధ్య 57 హెర్ట్జ్ వస్తాయి. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే అయితే ఎత్తు వల్ల మరొక 57 హెర్ట్జ్ వచ్చి మొదటిదానికి తోడవుతుంది. వాటి రెట్టింపు, అంటే 114 హెర్ట్జ్ వద్ద కూడా రెండూ కలిసే గట్టిపడతాయి. పురుష గాయకుల కింది స్వరాలు, డోలు ఒంటి శబ్దం ఆ దగ్గరలోనే ఉంటాయి. ఒక స్వరం పాడినప్పుడు గది మోగిపోయి, పక్క స్వరానికి మామూలుగా ఉంటే, ఆ తప్పు గాయకుడిది కాదు, రికార్డింగుదీ కాదు. ఇది తెలియక ఆ స్వరాన్ని ఈక్యూతో కోసివేస్తే మరెక్కడ విన్నా గొంతు పలచగా వినిపిస్తుంది.

మన ఇళ్లలో కింద తాండూరు బండలు, పైన ఆర్‌సీసీ స్లాబు, నాలుగు వైపులా సిమెంటు పూత వేసిన గోడలు ఉంటాయి. వీటిలో ఏదీ శబ్దాన్ని పీల్చుకోదు. ఖాళీ గదిలో గట్టిగా ఒక చప్పట్లు కొట్టి చూడండి. ట్రిర్ర్ మని వెంట వచ్చే మోత మీరు వినే ప్రతి పాటకూ తోడవుతుందని గుర్తుంచుకోవాలి. గదికి రోలింగ్ షట్టరు ఉంటే డోలు మోగిన ప్రతిసారీ అది కూడా వణుకుతుంది. మా మొదటి గది షట్టరు ఉన్న దుకాణమే. ఆ వణుకును రికార్డింగులోని దోషమనుకొని మేము రెండు రోజులు వెతికాము, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న నిమిషంలో అసలు సంగతి తెలిసింది.

గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే సరిపోతుందా?

సరిపోదు. అవి పై స్థాయి శబ్దాన్ని కొద్దిగా చెదరగొడతాయి తప్ప, అసలు సమస్య ఉన్న కింది స్థాయిలో ఏ పనీ చేయవు. పైగా తొందరగా నిప్పు అంటుకుంటాయి. మన ప్రాంతంలో సులభంగా దొరికే గొర్రె ఉన్ని గొంగడి చాలా మంచి వస్తువు. రెండు మడతల గొంగడిని గోడకు కాస్త ఎడం ఇచ్చి వేలాడదీస్తే చప్పట్ల మోత గణనీయంగా తగ్గుతుంది. అయితే అది కూడా పై స్థాయిలకే పనికి వస్తుంది. 100 హెర్ట్జ్ శబ్దపు తరంగం పొడవులో నాలుగో వంతే దాదాపు మూడు అడుగులు ఉంటుంది కాబట్టి పలచని వస్తువేదీ దానిని ఆపలేదు. కింది స్థాయి కోసం నాలుగు అంగుళాలు లేదా అంతకంటే మందమైన రాక్‌వూల్ (రాతి నార) పలకలను చెక్క చట్రంలో బిగించి, గుడ్డ కప్పి, గది మూలలలో నేల నుంచి పైకప్పు దాకా నిలబెట్టాలి. అంత ఖర్చు పెట్టలేనివారు గట్టి పత్తి పరుపులను మూలల్లో నిలువుగా పెట్టినా ఎంతో కొంత తేడా వినిపిస్తుంది.

మానిటర్లను ఎక్కడ, ఎలా పెట్టాలి?

రెండు స్పీకర్లు, మీ తల కలిసి మూడు భుజాలూ సమానంగా ఉండే త్రిభుజం కావాలి. ట్వీటరు (స్పీకరులో పై స్థాయి శబ్దాలను పలికించే చిన్న భాగం) మీ చెవి ఎత్తులో ఉండాలి. స్పీకర్లు గది పొడవు దిశగా చూడాలి. 12 అడుగుల పొడవులో సరిగ్గా మధ్యలో, అంటే ఆరు అడుగుల దగ్గర కూర్చోవద్దు, ఎందుకంటే అక్కడ 48 హెర్ట్జ్ దాదాపు మాయమవుతుంది. ముందు గోడ నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర కూర్చొని మొదలుపెట్టి, ముందుకూ వెనక్కూ జరుగుతూ వినండి.

తన వెనుక ఉన్న గోడకు స్పీకరు ఎంత దూరంలో ఉందన్నది చాలామంది పట్టించుకోని విషయం. స్పీకరు వెనక్కు వెళ్లిన శబ్దం గోడకు తగిలి తిరిగి వచ్చి అసలు శబ్దాన్ని కొంత రద్దు చేస్తుంది. స్పీకరు ముఖం గోడకు రెండు అడుగుల దూరంలో ఉంటే ఈ రద్దు 143 హెర్ట్జ్ దగ్గర, ఒక అడుగు దూరంలో ఉంటే 286 హెర్ట్జ్ దగ్గర జరుగుతుంది. తబలా డగ్గా, డోలు, మగ గొంతు అన్నీ ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. చిన్న గదిలో స్పీకరును గోడకు వీలైనంత దగ్గరగా జరపడం మంచిది. అప్పుడు ఆ గుంత (శబ్దం రద్దయిన చోటు) పై స్థాయికి పోయి, అక్కడ గొంగడికి కూడా లొంగుతుంది. గోడ వల్ల పెరిగిన బేస్‌ను స్పీకరు వెనుక ఉండే స్విచ్చుతో తగ్గించాలి. ఉదాహరణకు యమహా హెచ్‌ఎస్5లో 500 హెర్ట్జ్ కింద 2 లేదా 4 డెసిబెల్స్ (శబ్ద తీవ్రత కొలత) తగ్గించే రూమ్ కంట్రోల్ స్విచ్చు ఉంది.

బేస్ విషయంలో దేనిని నమ్మాలి?

ఒకటి శ్రుతికి, అంటే సీ స్వరానికి, పురుష గాయకుడి కోసం తంబురా శ్రుతి చేస్తే మంద్ర షడ్జమం సుమారు 65 హెర్ట్జ్ వద్ద పలుకుతుంది. ఐదు అంగుళాల వూఫరు (కింది స్థాయి శబ్దాలను పలికించే భాగం) ఉన్న హెచ్‌ఎస్5 సాంకేతిక వివరాల ప్రకారం 74 హెర్ట్జ్ వద్దకే 3 డెసిబెల్స్ తగ్గి ఉంటుంది, 54 హెర్ట్జ్ వద్ద 10 డెసిబెల్స్ తగ్గుతుంది. అయినా ఆ తంబురా తీగ మనకు వినిపిస్తుంది, ఎందుకంటే పై స్వరాంశాలను బట్టి అడుగు స్వరాన్ని మెదడు తానే పూరించుకుంటుంది. ఇలా పూరించిన బేస్‌ను చూసి అసలు బేస్ సరిగా ఉందనుకోవడం ప్రమాదకరం. హెడ్‌ఫోన్లకు ఈ పరిమితి లేదు, వాటికి గది కూడా అడ్డు రాదు. కాని ఒంటికి తగిలే దరువు హెడ్‌ఫోన్లలో ఉండదు కాబట్టి డోలును మనకు తెలియకుండానే పెంచేస్తాము. తంబురా, గాలి చప్పుడు, మైకు స్టాండు మీదుగా వచ్చే అదురు వంటివాటిని హెడ్‌ఫోన్లలో సరిచేసుకొని, డోలు ఎంత ఉండాలన్నది మానిటర్ల మీద తేల్చుకోవడం మాకు అలవాటు.

హెడ్‌ఫోన్లలో రివర్బ్ ఎంత వేసినా తర్వాత తేడాగా ఎందుకు ఉంటుంది?

హెడ్‌ఫోన్లలో రివర్బ్ తోక చివరిదాకా స్పష్టంగా వినిపిస్తుంది, కాబట్టి కొంచెం వేయగానే చాలనిపిస్తుంది. స్పీకర్లలో విన్నప్పుడు గది మోత దానిని కప్పివేసి, పాట పొడిగా వినిపిస్తుంది. కొన్నేళ్ల క్రితం ఒక గుడి రాతి మండపంలో మేము భజన రికార్డు చేశాము. ఆ మండపపు మోతను పట్టుకోవడానికి దూరంగా రెండు మైకులు కూడా పెట్టాము. ప్రయాణంలో హెడ్‌ఫోన్లతోనే మిక్స్ చేసి, దూరపు మైకుల శబ్దం ఎక్కువైందనుకొని సగానికి తగ్గించి పంపించాము. భజన మండలి పెద్దాయన దానిని ఇంట్లో స్పీకర్లలో విని, "పాట మాదే, కాని గుడి ఎటు పోయింది?" అని అడిగారు. ఆ మాట మాకు ఎంతో నేర్పింది. లైవ్ రికార్డింగులో పాడిన స్థలం కూడా ఒక వాయిద్యమే. దాని పాలు ఎంతో మానిటర్ల మీద, అది కూడా గది మోతను వీలైనంత తగ్గించిన తర్వాత నిర్ణయించాలి. హెడ్‌ఫోన్లు తప్ప వేరే మార్గం లేనివారు తమకు బాగా తెలిసిన, స్పీకర్లలో పలుమార్లు విన్న ఒక మంచి రికార్డింగును పక్కన పెట్టుకొని, దానితో పోల్చుకుంటూ మోతాదు నిర్ణయించుకోవాలి.

ఎడమ, కుడి వైపులకు వాయిద్యాలను ఎంత జరపాలి? మోనోలో (ఎడమ, కుడి చానెళ్లను ఒకటిగా కలిపి) ఎందుకు వినమంటారు?

హెడ్‌ఫోన్లలో పూర్తిగా ఎడమకు జరిపిన హార్మోనియం ఎడమ చెవి పక్కనే ఉన్నట్టు ఉంటుంది, స్పీకర్లలో అది ఎడమ స్పీకరు ఉన్న చోటు దగ్గరే ఆగిపోతుంది. అందుకే హెడ్‌ఫోన్లలో విశాలంగా ఉన్న మిక్స్ స్పీకర్లలో ఇరుకుగా అనిపించవచ్చు. బృందం కూర్చున్న తీరును గుర్తు తెచ్చుకొని, హార్మోనియం, తబలా, తాళాలను వారు కూర్చున్న క్రమంలోనే, మరీ అంచులకు పోకుండా ఉంచితే రెండింటిలోనూ సహజంగా ఉంటుంది. రెండు మైకులతో స్టీరియోగా రికార్డు చేసేవారికి ఓఆర్‌టీఎఫ్ పద్ధతి మంచిది. ఫ్రాన్సు ప్రసార సంస్థ పేరుతో ప్రసిద్ధమైన ఈ అమరికలో రెండు మైకుల మధ్య 17 సెంటీమీటర్ల దూరం, 110 డిగ్రీల కోణం ఉంటాయి. ఇందులో శబ్ద తీవ్రత తేడాతో పాటు కాలపు తేడా కూడా నమోదు అవుతుంది కాబట్టి హెడ్‌ఫోన్లలోనూ కొంత సహజంగా వినిపిస్తుంది.

మోనో విషయంలో మాత్రం ఏ మినహాయింపూ ఉండకూడదు. మన ఊళ్లలో ఈ పాటలు చివరికి మోగేది జాతరలలో, గుడి మీద కట్టిన మైక్‌సెట్టు హారన్లలో. హారన్ మోనోలోనే పలుకుతుంది, సుమారు 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. గాయకుడి మైకులోకి వెళ్లే హార్మోనియం శబ్దం, హార్మోనియం మైకులోకి వెళ్లిన అదే శబ్దం కంటే 35 సెంటీమీటర్లు ఎక్కువ దూరం ప్రయాణిస్తే ఒక మిల్లీ సెకను ఆలస్యమవుతుంది. రెండూ మోనోలో కలిసినప్పుడు 500, 1,500, 2,500 హెర్ట్జ్ వద్ద గుంతలు పడి, హార్మోనియం గొట్టంలో నుంచి వచ్చినట్టు మారుతుంది. హెడ్‌ఫోన్లలో ఈ దోషం దోషంగా తెలియదు సరికదా, వెడల్పుగా ఉన్నట్టు, అందంగా కూడా అనిపిస్తుంది. అందుకే మానిటర్లు ఉన్నవారు మోనో బటన్ నొక్కి, ఒక్క స్పీకరును మాత్రమే ఉంచుకొని వినాలి. మానిటర్లు లేనివారు ఒకే స్పీకరున్న పాత సెల్‌ఫోనులో వినాలి. మోనోలో గొంతు, దరువు, శ్రుతి ఈ మూడూ నిలబడితే మిక్స్ ఊళ్లోకి వెళ్లడానికి సిద్ధమైనట్టే.

హెడ్‌ఫోన్లలో ఓపెన్ రకం కొనాలా, క్లోజ్డ్ రకం కొనాలా?

రికార్డు చేసేటప్పుడు గాయకుడికి క్లోజ్డ్ రకమే ఇవ్వాలి, లేకపోతే తాళం శబ్దం హెడ్‌ఫోన్ నుంచి మైకులోకి పోతుంది. మిక్సింగుకు ఓపెన్ రకం మేలు, ఎందుకంటే వెనుక మూత లేకపోవడం వల్ల శబ్దం లోపలే తిరగదు, చెవి కూడా తొందరగా అలసిపోదు. చాలాకాలంగా స్టూడియోలలో వాడుతున్న సోనీ ఎండీఆర్-7506 క్లోజ్డ్ రకం, దాని పై స్థాయి కాస్త పదునైనది కాబట్టి క్లిక్కులను, ఊపిరి చప్పుళ్లను ఇట్టే పట్టిస్తుంది. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఓపెన్ రకం, గొంతుల విషయంలో ఎంతో నిజాయితీగా ఉంటుందని మా అనుభవం. అయితే దాని ఇంపీడెన్స్ (విద్యుత్తుకు చూపే నిరోధం) 300 ఓములు కాబట్టి సెల్‌ఫోనుకు నేరుగా తగిలిస్తే శబ్దం చాలకపోవచ్చు, మంచి ఇంటర్‌ఫేస్ (కంప్యూటరుకు మైకులను, హెడ్‌ఫోన్లను కలిపే ఆడియో పెట్టె) కావాలి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లు వాడవచ్చా?

వద్దు. శబ్దం కుదించబడి, ఆలస్యంగా చేరుతుంది. తీగ ఉన్నవే వాడండి.

హెడ్‌ఫోన్లను సరిచేసే సాఫ్ట్‌వేర్లు, క్రాస్‌ఫీడ్ పనికి వస్తాయా?

కొంతవరకు పనికి వస్తాయి. క్రాస్‌ఫీడ్ వేసుకుంటే గొంతు తల లోపలి నుంచి కొంచెం ముందుకు వస్తుంది, పాన్ (ఎడమ, కుడి వైపులకు జరిపే) నిర్ణయాలు మెరుగవుతాయి. సౌండ్‌ఐడీ రిఫరెన్స్ వంటివి ఒక్కో మోడల్ హెడ్‌ఫోనులోని ఎత్తుపల్లాలను చదును చేస్తాయి. అవి విన్నంతసేపు మాత్రమే ఆన్‌లో ఉండాలి. ఫైలును ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఆపడం మరిచిపోతే ఆ దిద్దుబాటు పాటలోనే శాశ్వతంగా కలిసిపోతుంది. మానిటర్ల విషయంలో గదిని కొలవడానికి రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఒక కొలత మైకు ఉంటే చాలు. గది పెంచిన స్థాయిని ఈక్యూతో తగ్గించవచ్చు గాని, గది రద్దు చేసిన గుంతను ఈక్యూతో పూడ్చాలని చూడవద్దు. ఎంత పెంచినా అంతా రద్దవుతూనే ఉంటుంది, చివరికి స్పీకరు దెబ్బతింటుంది.

ఎంత శబ్దంలో మిక్స్ చేయాలి?

మామూలుగా మాట్లాడుకునే స్థాయికి కాస్త పైన ఉంటే చాలు. చిన్న గదిలో మేము 73 నుంచి 76 డెసిబెల్స్ మధ్య పని చేస్తాము. శబ్దం తగ్గిన కొద్దీ మన చెవికి బేస్ మరింత తక్కువగా వినిపిస్తుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. అందుకే ఒకరోజు గట్టిగా, మరొక రోజు మెల్లగా విని డోలును సవరిస్తూ పోతే ఎన్నటికీ తెగదు. ఒక స్థాయిని ఎంచుకొని, ఇంటర్‌ఫేస్ నాబు మీద గుర్తు పెట్టుకోండి.

చెవి ఆరోగ్యం గురించి కూడా చెప్పాలి. వారానికి 40 గంటలు వినేవారు 80 డెసిబెల్స్ దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌కు రోజుకు 8 గంటలు పరిమితి, ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ కాలం సగమవుతుంది. వేసవిలో కూలరు తిరుగుతున్న గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవారు ఆ చప్పుడును మించడానికి తెలియకుండానే శబ్దం పెంచుతూ పోతారు. ఏప్రిల్, మే నెలల్లో మేము తెల్లవారుజామున, కూలరు ఆపి పని చేస్తాము. గంటకు పది నిమిషాలు బయట నిలబడితే చెవికి మళ్లీ నిజం వినిపిస్తుంది.

రికార్డింగులో బొయ్‌మన్న మోత ఉందని హెడ్‌ఫోన్లలోనే తెలుస్తోంది. పట్టించుకోవాలా?

తప్పకుండా పట్టించుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోత 50, 100, 150 హెర్ట్జ్ స్థాయిలలో ఉంటుంది. చిన్న మానిటర్లు 50ని పలకనే పలకవు, మిగతావి ఫ్యాను చప్పుడులో కలిసిపోతాయి. ఆ పాటను పెళ్లిపందిరిలో పెద్ద బాక్సుల మీద వేసినప్పుడు మాత్రం మోత ముందుకు వస్తుంది. ల్యాప్‌టాప్ చార్జరు తీసివేసినప్పుడు మోత ఆగితే అది ఎర్తింగ్ సమస్య. అన్ని పరికరాలనూ ఒకే ప్లగ్ బోర్డుకు పెట్టి చూడండి, ఇంటి ఎర్త్‌ను ఎలక్ట్రీషియనుతో పరీక్ష చేయించండి. ఎర్త్ పిన్నును విరగ్గొట్టడం మాత్రం ప్రాణాపాయం, ఎవరు చెప్పినా చేయవద్దు.

ఒక పాటను మీరు ఏ క్రమంలో మిక్స్ చేస్తారు?

మొదట హెడ్‌ఫోన్లలో ఒక్కొక్క ట్రాకును విడిగా విని, దగ్గులు, క్లిక్కులు, గాలి చప్పుళ్లు, కరెంటు మోత ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకుంటాము. ఊపిరి చప్పుళ్లను తీసివేయము, మరీ ఎక్కువైనవాటిని కొద్దిగా తగ్గిస్తాము, ఎందుకంటే ఊపిరి లేని గొంతు మనిషి గొంతులా ఉండదు. తర్వాత మానిటర్లకు మారి, అన్ని ట్రాకులనూ మోనోలో పెట్టి, ఈక్యూ ఏమీ లేకుండా ఫేడర్లతోనే తూకం కుదురుస్తాము. ఎక్కువ సమయం ఇక్కడే గడుస్తుంది, ఇక్కడ కుదిరితే మిగతా పని చాలా తేలిక. ఆ తర్వాతే స్టీరియో, పాన్, అవసరమైన చోట చిన్న ఈక్యూ సవరణలు, చివరన రివర్బ్ వస్తాయి. మర్నాడు పొద్దున్న హెడ్‌ఫోన్లలో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి విని, సెల్‌ఫోనులో, కారులో, వీలైతే ఊరి మైక్‌సెట్టు మీద కూడా వింటాము. ఒక చోట మాత్రమే కనిపించిన లోపాన్ని వెంటనే దిద్దము, రెండు మూడు చోట్ల అదే లోపం వినిపిస్తేనే దిద్దుతాము. చివరిగా వాయించినవారిని పిలిచి మానిటర్ల ముందు కూర్చోబెడతాము. వారు తల ఊపితే ఫైలు బయటకు వెళ్తుంది, "నా డప్పు గిట్ల మోగదు" అంటే మళ్లీ మొదటి ఫేడరు దగ్గరికి వెళ్తాము.

చేతిలో డబ్బు తక్కువ ఉంది. ముందు ఏది కొనాలి?

ముందు ఒక మంచి ఓపెన్ హెడ్‌ఫోన్, తర్వాత గది మూలలకు రాక్‌వూల్, ఆ తర్వాతే మానిటర్లు. ఈ క్రమాన్ని తలకిందులు చేసి, మోగిపోయే గదిలో ఖరీదైన మానిటర్లు పెట్టినవారు హెడ్‌ఫోన్లతో వచ్చే ఫలితాన్ని కూడా అందుకోలేకపోవడం మేము చాలాసార్లు చూశాము. మానిటర్లు కొన్నాక వాటి మీద మిక్సింగు వెంటనే మొదలుపెట్టకుండా, రెండు వారాలపాటు మీకు బాగా తెలిసిన పాటలను మాత్రమే ఆ గదిలో వినండి. అవి అక్కడ ఎలా వినిపిస్తాయో చెవికి అలవాటైన తర్వాత మీ సొంత రికార్డింగును తెరవండి.